ముద్ర నిజము, వార్త అబద్ధము

2017 సంవత్సరము జనవరి మాసమున జర్మనీ దేశములో కొందరు బ్యాంకు ఖాతాదారుల సొమ్ము రాత్రివేళ నన్యుల ఖాతాలకు తరలిపోయినది. వారి ఇండ్లలో నెవరును చొరబడలేదు. వారి సెల్ ఫోనులు వారి యొద్దనే యున్నవి. సొమ్ము బదిలీ చేయుటకు బ్యాంకు పంపిన రహస్యసంఖ్య మాత్రము వారికి చేరక దొంగలకు చేరినది. దొంగలు ముందుగా కపటోపాయములచే ఖాతాదారుల సంకేతపదములను, ఫోను నంబరులను సంపాదించిరి. పిదప నొక విదేశీయ టెలిఫోను సంస్థ జాలము మూలమున, ఆ చందాదారులకు రావలసిన వార్తలను తమ వైపునకు మరలించు సంజ్ఞలను పంపిరి. ఓ2-టెలిఫోనికా సంస్థ ఆ సంజ్ఞలను నమ్మినది. నమ్మిన మాట నిజమేయని ఆ సంవత్సరము మే మాసమున ఆ సంస్థయే పత్రికల కంగీకరించినది.

ఇందు విచారింపదగిన విషయ మొకటి గలదు. తాళము పగులలేదు, రహస్యలిపి భేదింపబడలేదు. వచ్చిన సంజ్ఞ వ్యాకరణదోషము లేనిది. పంపిన చిరునామా టెలిఫోను సంస్థల కుటుంబములో గుర్తింపు గలది. దానిని ఒంటిగా తీసికొని ఎంతటి నిపుణుడు పరీక్షించినను తప్పు పట్టుటకు వీలులేదు. మరి తప్పెక్కడ నున్నది? ఆ చందాదారుడు వేరొక దేశమున నున్నాడని ఆ సంజ్ఞ చెప్పుచుండగా, అతడు స్వదేశములోనే యున్నాడని మరియొక లెక్క చెప్పుచుండుటలో నున్నది. ఆ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచువారు లేకపోయిరి.

టెలిఫోనులో మనము పలుకు మాట వేరు, ఆ మాటకు దారి చూపు సంజ్ఞ వేరు. మనము నంబరు నొక్కినంతనే, అవతలివాని ఫోను ఏ యూరి స్తంభము క్రింద నున్నది, గంట మ్రోగింపవలెనా, ఎవరి ఖాతాలో ఎంత వ్రాయవలెను అను సంభాషణ యంత్రములలో యంత్రములకు జరుగును. ఫోను జేబులో నిద్రించుచున్నప్పుడును ఈ సంభాషణ ఆగదు. దానికి నియమితమైన భాషలు గలవు, వానినే ప్రోటోకాలులందురు. రెండవ, మూడవ తరముల ఫోనులకు ఎస్ఎస్7 అను భాష. నాల్గవ తరమునకు డయామీటర్. ఇంటర్నెట్టు సరకు మోయుటకు జీటీపీ. ఇంటర్నెట్టు మార్గమున మాటలాడుటకు సిప్. ఐదవ తరమునకు మరొకటి వచ్చినది. కొత్త భాష వచ్చినంత మాత్రమున పాతది పోలేదు. నేటికిని మన పల్లెలలో రెండవ తరపు ఫోనులు మ్రోగుచునే యున్నవి.

పూర్వము మాటయు సంజ్ఞయు నొకే తీగపై నడచెడివి. అమెరికాలో దూరపు తీగ ఖాళీగా నున్నదని తెలుపుటకు సెకనుకు 2600 కంపనముల ధ్వని వాడుకలో నుండెను. బెల్ సంస్థ ఇంజనీర్లు తమ ధ్వనుల వివరములను తమ శాస్త్రపత్రికలో 1960లో తామే ప్రకటించుకొనిరి. పండితులు చదువుట కని వ్రాసినదానిని కుర్రవాండ్రు చదివిరి. అట్టి ధ్వనులను పుట్టించు చిన్న పెట్టెలు చేసికొని, రుసుము లేకుండ ఖండాంతరములకు మాటలాడిరి. 1971లో ఎస్క్వైర్ పత్రిక ఈ కథను వెల్లడించుటతో లోకమంతయు దానిని వినినది. దీనికి మందుగా మాటకొక దారి, సంజ్ఞ కొక దారి ఏర్పరచిరి. 1976 నుండి అమెరికాలో నీ పద్ధతి అమలులోనికి వచ్చెను. 1980లో అంతర్జాతీయ సలహాసంఘము ఎస్ఎస్7 నియమములను ప్రకటించినది.

దారి వేరైనది గాని దానిపై నడచువారి గుర్తింపును అడుగువా డెవ్వడును లేడు. ఆనాడు టెలిఫోను సంస్థలనగా చాల దేశములలో ప్రభుత్వశాఖలు. ఒకరి నొకరు ఎరిగినవారు. అట్టి గోష్ఠిలో నీవెవడవని యడుగుట మర్యాద కాదు. ఆ గోష్ఠి నేడు వందలకొలది వ్యాపారసంస్థల సంత యైనది. మర్యాద మాత్రము పాతదే. టోబియాస్ ఎంగెల్ అను జర్మను యువకుడు ఈ సంజ్ఞల మూలమున పరుల ఫోను ఏ తావున నున్నదో కనుగొనవచ్చునని 2008లోనే బెర్లిను సభలో చూపించెను. 2014 డిసెంబరులో హాంబర్గు సభలో అతడును, కార్స్టెన్ నోల్ అను మరొక పరిశోధకుడును, మాటలను, వార్తలను సైతము అడ్డగింపవచ్చునని ప్రదర్శించిరి. ఇంతకంటె వింత యేమనగా, సంజ్ఞలు పంపుటకు వలయు చిరునామాలను కొన్ని సంస్థలు అద్దెకిచ్చుచు వచ్చినవి. ఇల్లు అద్దెకిచ్చినవారిని చూచితిమి, బండి అద్దెకిచ్చినవారిని చూచితిమి. తమ పరువును అద్దెకిచ్చుట యిది. బ్రిటనులోని ఆఫ్‌కామ్ అను నియంత్రణ సంస్థ 2025 ఏప్రిలులో గాని ఈ అద్దెలను నిషేధింపలేదు.

విశాఖదత్తుని ముద్రారాక్షసమును చదివినవారికి ఈ మోసము కొత్తది కాదు. రాక్షసమంత్రి ముద్దుటుంగరము చాణక్యుని చేతికి చిక్కినది. లేఖ వ్రాసిన చేయి రాక్షసుని మిత్రుడైన శకటదాసునిది. వేసిన ముద్ర రాక్షసునిది. సంకల్పము మాత్రము చాణక్యునిది. మలయకేతువు ముద్రను పరీక్షించెను. ముద్ర నిజమైనదే. ముద్ర నిజమైనందుననే అతడు చెడిపోయెను. జర్మనీలో జరిగినదియు నింతే. సంస్థ ముద్రను చూచినది గాని, ఆ ముద్ర వేసిన చేయి ఎవరిదని విచారింపలేదు.

మరి విచారణ ఎట్లు? టెలిఫోను సంస్థల అంతర్జాతీయ సంఘము ఎస్ఎస్7 సంజ్ఞలను కావలివారి కొరకు మూడు తెగలుగా విభజించినది. మొదటి తెగ, ఒక సంస్థ లోపలనే నడువవలసినవి. అట్టివి పొలిమేర దాటి వచ్చిన యెడల గుమ్మముననే త్రోసివేయవచ్చును. ఫలానా చందాదారుడు ఎక్కడనున్నాడని నేరుగా నడుగు ప్రశ్న ఈ తెగలోనిది. రెండవ తెగ, మన సీమకు వచ్చిన అతిథిని గూర్చి అతని స్వంత సంస్థ మాత్రమే పంపదగినవి. పంపినవారు ఆ సంస్థవారా కాదా యని చూచిన చాలును. ఈ రెండును ద్వారపాలకుని పని. కష్టమంతయు మూడవ తెగలో నున్నది. ఇవి మన చందాదారుడు పరదేశమునకు పోయినప్పుడు అచటి సంస్థ పంపు సంజ్ఞలు: 'ఇతడు మా యొద్దకు వచ్చినాడు, ఇతని వార్తలు ఇక మాకు పంపుడు' అని. వీనిని త్రోసివేసిన యెడల పరదేశమునకు పోయిన మనవాని ఫోను మూగపోవును. నమ్మిన యెడల జర్మనీ కథ మరల నడచును.

ఇక్కడ కాలమును, దూరమును సాక్ష్యమునకు పిలువవలెను. హైదరాబాదు నుండి దుబాయికి విమానములో సుమారు నాలుగు గంటలు పట్టును. సాయంకాలము ఆరు గంటలకు విజయవాడలో కనబడిన ఫోను ఆరుంబావునకు దుబాయిలో కనబడినదని సంజ్ఞ వచ్చిన యెడల, ఆ సంజ్ఞ అబద్ధమని చెప్పుటకు పాండిత్య మక్కరలేదు. అయితే ఆరు గంటలకు విజయవాడలో కనబడినదని ఎవరు చెప్పవలెను? ఆ ఫోను నాల్గవ తరమునకు చెందినదైనచో దాని జాడ డయామీటర్ భాషలో వ్రాయబడియుండును. దొంగసంజ్ఞ ఎస్ఎస్7 భాషలో వచ్చును. చాల సంస్థలలో ఈ రెండు భాషలకు ఇద్దరు కావలివారిని వేరువేరుగా నిలుపుట వాడుకగా వచ్చినది. ఎస్ఎస్7 కావలివాని పుస్తకములో ఆ ఫోనును గూర్చి ముందు లెక్క లేదు. కావున కొత్తగా వచ్చిన సంజ్ఞ అతనికి వింతగా తోచదు. డయామీటర్ కావలివానికి ఆ సంజ్ఞ వచ్చినట్లే తెలియదు. ఆ క్షణముననే ఆ ఫోను విజయవాడలో ఇంటర్నెట్టు వాడుకొనుచున్నదను సంగతి జీటీపీ లెక్కలో నుండును. దానిని ఈ ఇద్దరును చూడరు. మూడు పుస్తకములును తమతమ లోపల నిర్దుష్టములే.

భూవసతి గల మన పాఠకులకు ఇది సులభముగా బోధపడును. గ్రామ కరణముల కాలములో అడంగలు వేరు, చిట్టా వేరు. ఒక సర్వే నంబరు అడంగలులో నొకరి అనుభవమునందును, చిట్టాలో వేరొకరి పట్టాలోను ఉన్నప్పుడు, అడంగలును మాత్రమే చదివినవానికి అంతయు సక్రమముగనే తోచును. చిట్టాను మాత్రమే చదివినవానికి నట్లే. జమాబందీనాడు రెంటిని ఒకే బల్లపై పరచి వ్రేలితో వరుసలు కలిపినప్పుడే చిక్కు బయటపడెడిది. టెలిఫోను జాలమునకు వలసినది అట్టి జమాబందీయే. ఏటేట జరుపునది కాదు, క్షణక్షణమును జరుపునది.

రెండు భాషల నడుమ నుండు దుబాసి వలన గలుగు ముప్పు మరియొకటి. పాత జాలమును, కొత్త జాలమును కలిసి పనిచేయుటకై ఎస్ఎస్7 సంజ్ఞను డయామీటర్‌లోనికి, దానిని దీనిలోనికి మార్చు యంత్రములు గలవు. దొంగ పాత భాషలో ప్రశ్న వేయును. దుబాసి దానిని కొత్త భాషలోనికి మార్చి లోనికి పంపును. లోపలివారు తమ దుబాసి అడిగిన ప్రశ్నయని సమాధానము చెప్పుదురు. కొత్త కోటకు పాత దిడ్డి తెరచియుంచినట్లయినది. ఈ మార్గమున నాల్గవ తరపు చందాదారుల జాడ తీయవచ్చునని సిల్కె హోల్ట్‌మన్స్ ప్రభృతులైన నోకియా బెల్ ల్యాబ్స్ పరిశోధకులు 2016లో నిరూపించిరి. ఐదవ తరములో సంస్థల పొలిమేరలందు సంజ్ఞలను రహస్యలిపిలో నడిపించు ద్వారములను విధించిరి. సంతోషమే. కాని పాతవి కొట్టివేయబడువరకు దొంగ కొత్త ద్వారమున కేల వచ్చును?

ప్రతి అసంగతియు దొంగతనము కాదు. 1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ దూరపు జాలము తొమ్మిది గంటలు స్తంభించినది. న్యూయార్కులోని ఒక ఎక్స్చేంజి చిన్న లోపమువలన తన్ను తాను సరిచేసికొని, తిరిగి పనిలోనికి వచ్చితినని పొరుగువారికి తెలిపినది. ఆ కబురు వెంటనే మరొక కబురు వచ్చుటచే పొరుగు యంత్రముల లోని తప్పు కార్యక్రమము తడబడి, అవియు నట్లే ఆగి, అట్లే లేచి, తమ పొరుగువారిని పడగొట్టినవి. ఈ విధముగా 114 యంత్రములు పడుచు లేచుచుండెను. ఒక్కొక్క సంజ్ఞయు ధర్మబద్ధమే. వానిలో శత్రువెవ్వడును లేడు. వాని రాకడలోని వేగమే వ్యాధి. 2012 జనవరి 25న తోక్యోలో డొకొమో సంస్థ చందాదారులు సుమారు 25 లక్షలమంది ఇబ్బంది పడినదియు, స్మార్టుఫోనులు పంపు నియంత్రణ సంజ్ఞలు అంచనాను మించుటచేతనే. కావున కావలివాడు దొంగను పట్టువాడుగా మాత్రమే గాక, నాడి చూచు వైద్యుడుగా గూడ నుండవలెను.

అయితే వైద్యుడు ప్రతి తుమ్మునకును సన్నిపాతమని కేక వేసిన యెడల రోగి బ్రతుకుట కష్టము. ఊహకు ఒక లెక్క వేసి చూతము. దినమునకు కోటి సంజ్ఞలు వచ్చుచున్నవనుకొనుడు. అందు నూరు దుష్టములు. మన కావలివాడు వేయింటి కొక్కసారి మాత్రమే పొరబడు సమర్థుడు. అయినను అతడు పదివేల నిరపరాధ సంజ్ఞలను దొంగలుగా పట్టును. పట్టిన నూటిలో నిజమైన దొంగ ఒక్కడు! ఈ పదివేలలో ఎవరుందురు? కరీంనగరము నుండి, కోనసీమ నుండి గల్ఫునకు పోయి, ఊరి బ్యాంకు ఖాతా కొరకు పాత నంబరును బ్రతికించుకొన్న కూలివాడుండును. అతని ఫోను దుబాయిలో లేచినప్పుడు వచ్చు సంజ్ఞకును, దొంగ పంపు సంజ్ఞకును రూపములో భేదములేదు. కావలివాడు తొందరపడిన యెడల అతని ఓటీపీ అతనికి రాదు. ఆ నెల ఇంటికి సొమ్ము చేరదు.

ఈ చిక్కును తీర్చునది రెండవ సాక్షియే. మొదటివానితో సంబంధము లేని రెండవ కావలివాడు, వేయింటి కొక్కసారి పొరబడువాడే, వేరు పుస్తకమును చూచి చెప్పినచో, ఇద్దరు నొకే సంజ్ఞపై పొరబడుట పది లక్షల కొక్కసారి జరుగును. పదివేల నిరపరాధులు పదిమందికి దిగిపోవుదురు. డొరొతీ డెన్నింగ్ అను అమెరికా విదుషి 1987లో, ప్రతివాని వాడుక కొక మామూలును ఏర్పరచి దానికి భిన్నమైనదానిని గుర్తించు పద్ధతిని శాస్త్రీయముగా వివరించెను. నేటి యంత్రవిద్య ఆ మామూలును తానే నేర్చుకొనగలదు. గల్ఫు కూలివాని మామూలులో విమానప్రయాణ మున్నది, జర్మను ఖాతాదారుని మామూలులో లేదు అని గ్రహించుట దానికి సాధ్యమే. కాని యంత్రము నేర్చుకొనుచున్న దినములలోనే దొంగ రాకపోకలు సాగించుచున్న యెడల, వాడును మామూలులో చేరిపోవును. ఊరికుక్కకు అలవాటైన దొంగను కుక్క మొరగదు.

పైని లెక్కలో 'సంబంధము లేని' యను మాటయే ప్రాణము. మరల ముద్రారాక్షసమునకే పోదము. మలయకేతువునకు సాక్ష్యము ఒకటి కాదు: లేఖ యున్నది, ముద్ర యున్నది, నగలపెట్టె యున్నది, నోటిమాట యున్నది. అన్నియు నొకదాని నొకటి బలపరచినవి. కాని అన్నియు సిద్ధార్థకుడను నొక్కని చేతిమీదుగా వచ్చినవే! నాలుగు సాక్ష్యములు గావవి, ఒక సాక్ష్యమునకు నాలుగు వేషములు. మన కావలి యంత్రములలో రెండు పుస్తకములును ఒకే దుబాసి వ్రాసినవైన యెడల వానిని పోల్చుట వ్యర్థము. దొంగలు సామాన్యులు కారు; 2025లో ఎనియా సంస్థ ప్రకటించిన దానినిబట్టి, ఒక నిఘా సంస్థ తన సంజ్ఞలో చందాదారుని గుర్తింపు సంఖ్యను, నియమములకు లోబడినదే గాని వాడుకలో లేని కూర్పులో వ్రాసి పంపినది. కావలివానికి ఆ సంఖ్య కనబడలేదు. లోపలి యంత్రము దానిని చక్కగా చదువుకొనినది.

మన దేశమున ఈ జమాబందీ ఒక విషయమున నారంభమైనది. విదేశమునుండి వచ్చు పిలుపు మన దేశపు నంబరును ధరించి, పోలీసులమనియో కస్టమ్సువారమనియో చెప్పి వృద్ధులను బెదరించి సొమ్ము లాగుట అందరెరిగినదే. పిలుపు వెలుపలినుండి వచ్చుచున్నది. నంబరు మాత్రము మనది. ఆ నంబరుగలవాడు నిజముగా పరదేశములో నున్నాడా యని అతని సంస్థ లెక్కను అడిగినచో మోసము తేలిపోవును. పిలుపు చెప్పునదానిని జాడలెక్క చెప్పుదానితో సరిచూచుట యన్నమాట. కేంద్ర టెలికాం శాఖవారు 2024 అక్టోబరు 22న అట్టి ఏర్పాటును ప్రారంభింపగా, మొదటి 24 గంటలలోనే సుమారు 1 కోటి 35 లక్షల పిలుపులు దొంగ నంబరులతో వచ్చినవిగా తేలి ఆపివేయబడినవి. దేశీయ నంబరులతో వెలుపలినుండి వచ్చిన పిలుపులలో ఇవి నూటికి 90 వంతులు. రెండు పుస్తకములను కలిపి చదివిన మొదటినాడు కనబడినది ఇంత. చదువని సంవత్సరములలో నెంత నడచెనో పాఠకులు ఊహించుకొందురు గాక.

అన్ని పుస్తకములను ఒకచోట జేర్చువానికి మన జాడయంతయు తెలియును. వాడు కావలివాడై యుండగనే గూఢచారి కూడ కాగలడు. వ్యక్తి యేకాంతము ప్రాథమికహక్కని సర్వోన్నత న్యాయస్థానమువారి తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పియున్నారు. ఫలానావాడు గంటకు గంటకు ఎచట నుండెనను సామాన్య లెక్కను, సరిచూచు పని ముగియగానే చెరిపివేయవలెను. అసంగతముగా తోచినవానిని, విదేశమునకు మరలింపబడిన వార్తల జాబితాను మాత్రమే నిలువచేయవలెను. దొంగను పట్టుట కింతకంటె నక్కరలేదు.

ఆ జాబితాతో మనకు నిమిత్తమున్నది. సొమ్ము పోయినవాడు బ్యాంకునకు పోగా, 'ఓటీపీ మీ ఫోనునకే పంపితిమి. మీరే ఎవరికో చెప్పియుందురు' అను సమాధానము వచ్చును. రిజర్వు బ్యాంకువారి 2017 జూలై 6 నాటి సర్క్యులరు, లోపము బ్యాంకుదియు ఖాతాదారునిదియు గాక వ్యవస్థలో మరెక్కడనో యున్నపుడు, బ్యాంకు సమాచార మందిన పిదప మూడు పనిదినములలో ఖాతాదారుడు తెలిపినచో అతనిపై బాధ్యత లేదని చెప్పినది. ఖాతాదారుని తప్పును రుజువు చేయు భారమును బ్యాంకు మీదనే పెట్టినది. మాట బాగున్నది. కాని వ్యవస్థలో మరెక్కడనో యను ఆ చోటు టెలిఫోను సంస్థ గోడ లోపల నున్నది. ఖాతాదారునికి గాని, బ్యాంకునకు గాని అచటికి ప్రవేశము లేదు. టెలికాం సైబరు భద్రత నియమములు 2024 నవంబరులో వచ్చినవి. వానినిబట్టి ఇట్టి సంఘటనను తెలిసికొన్న ఆరు గంటలలో సంస్థ కేంద్రప్రభుత్వమునకు తెలుపవలెను. ప్రభుత్వమునకు తెలిసిన సంగతి నష్టపడినవానికి తెలియుట కేది మార్గము?

కావున మేము కోరునది మిక్కిలి చిన్నది. మోసపోయితినని ఖాతాదారుడు బ్యాంకులో వ్రాసియిచ్చిన నాడే, ఆ గంటలో అతని నంబరునకు పోయిన వార్త ఏ దేశములోని ఏ స్విచ్చికి అప్పగింపబడెనో, ఆ సమయమున అతని ఫోను మన జాలములో నేయే పుస్తకములందు కనబడుచుండెనో, టెలిఫోను సంస్థ అడుగకుండగనే వ్రాసి, ఒక ప్రతిని బ్యాంకునకు, ఒక ప్రతిని అతనికి ఇయ్యవలెను. రెండు పంక్తుల కాగితము. ప్రతి వార్తను అప్పగించుటకు ముందు సంస్థ యంత్రము ఆ చిరునామాను తన మూలపట్టికను అడిగి తెలిసికొనియే యుండును. అప్పగించిన పిమ్మట దానిని చందాదారుని కంటబడనీయకుండుటకు కారణ మేమో సంస్థలవారు చెప్పవలెను.